సాంచా బంద్ అయినా చెవిలో మోత ఆగట్లేదు

ప్రశ్న: మేడం, నమస్తే. మాది సిరిసిల్ల. నేను బీడీలు చుడతాను. మా ఆయనకు 46 ఏళ్లు. ఇరవై రెండో ఏట నుంచీ సాంచాల (మరమగ్గాల) మీదే పని. ఒక వారం పగటి షిఫ్టు, ఒక వారం రాత్రి షిఫ్టు, పన్నెండేసి గంటలు. పోయిన ఏడాది దసరా నుంచి రెండు చెవుల్లోనూ కూత పెట్టినట్టు శబ్దం వస్తోందంటున్నారు. "షెడ్డుల సాంచా బంద్ జేసి వస్త, నా చెవుల సాంచా బంద్ గాదు" అంటారు. పడుకుంటే ఇంకా ఎక్కువట. నిద్ర లేదు. చలికాలంలో కూడా ఫ్యాన్ వేయమంటారు. నాకూ పాపకూ దగ్గు పట్టుకుంది, ఆపితే గొడవ. ఇంటర్ చదివే బాబు మీద చిన్న మాటకే విరుచుకుపడుతున్నారు. పెళ్లిళ్లకు, బారసాలలకు రావడం మానేశారు. డాక్టరు రాసిన మాత్రలు మూడు నెలలు వాడాం. మా అత్తమ్మ వెల్లుల్లి కాచిన నూనె కూడా పోసింది. ఆయనకు ఇబ్బంది కాకూడదని నేను టీవీ పెట్టట్లేదు, పిల్లల్ని గట్టిగా మాట్లాడనివ్వను, మిక్సీ కూడా ఆయన లేనప్పుడే వేస్తాను. గంటకోసారి ఎలా ఉందని అడుగుతూనే ఉంటాను. తగ్గకపోగా ఎక్కువైంది. మొన్న "గీ బతుకు కంటే సచ్చుడు నయం" అన్నారు. ఇది నరాల జబ్బా? చెవుడు వస్తుందా? అసలు తగ్గుతుందా?
— ఒక సోదరి, సిరిసిల్ల

జవాబు: అమ్మా, మీరడిగిన మూడు ప్రశ్నల కంటే ముందు ఉత్తరం చివర్లో రాసిన మాట గురించి మాట్లాడతాను. "సచ్చుడు నయం" అన్నారని రాశారు. విసుగులో అన్నారులే అని వదిలేయకండి. పిల్లలు లేనప్పుడు పక్కన కూర్చుని సూటిగా అడగండి, నిజంగానే చనిపోవాలనిపిస్తోందా, ఎలా అని కూడా ఆలోచించారా అని. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనని చాలామందికి భయం. అలా ఏమీ అవదు, గుండెలో బరువు కాస్త దిగుతుంది. అవునంటే మాత్రం ఆయన్ని ఒంటరిగా వదలకండి. ఇంట్లో పురుగుల మందు లాంటిది ఉంటే ఆ రోజే బయటికి పంపేయండి, వెంటనే ఆసుపత్రిలో మానసిక వైద్యుడికి చూపించండి. టెలీ మానస్ అని ప్రభుత్వ ఫోన్ సేవ ఉంది, నంబరు 14416. రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. ఆయనే కాదు, మీరూ చేయవచ్చు. ఏడాదిగా మీరూ సరిగా నిద్రపోయినట్టు లేదు.

ఇక చెవి సంగతి. చెప్పడానికి నాకే ఇబ్బందిగా ఉంది గానీ, మీరు ప్రేమ కొద్దీ చేస్తున్న పనే ఆయన బాధను పెంచుతోంది. ఇల్లంతా నిశ్శబ్దం చేసి పెట్టారు. చెవిలో మోత ఉన్న మనిషికి అంతకంటే కష్టమైన చోటు ఉండదు.

1953లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు ఒక చిన్న ప్రయోగం చేశారు. చెవులు బాగా పనిచేసే 80 మందిని శబ్దం చొరబడని గదిలో కొద్ది నిమిషాలు కూర్చోబెట్టి, ఏం వినబడుతోందో రాయమన్నారు. వాళ్లలో 94 శాతం మంది ఏదో ఒకటి రాశారు. హోరు అని ఒకరు, గుయ్ అని ఒకరు. ఏ జబ్బూ లేని చెవులకే గాఢమైన నిశ్శబ్దంలో అలా ఉంటే, ఇరవై నాలుగేళ్లు సాంచాల మధ్య నిలబడ్డ చెవి సంగతి చెప్పేదేముంది? మా ఊళ్లో వీధిలైటు పగలు కూడా వెలుగుతూనే ఉంటుంది, ఎవరూ తల ఎత్తి చూడరు. చీకటి పడ్డాక వీధిలో అదొక్కటే కనబడుతుంది. మోతా అంతే. షెడ్డులో ఆయనకు అది గుర్తుకే రాదు. ఇంటికొచ్చి, అందరూ మాటలు ఆపేసి, తలుపులు మూసి, లైటు ఆర్పాక ఇక అదొక్కటే మిగులుతుంది.

అందుకే ఆయన ఫ్యాన్ అడుగుతున్నది. ఉక్కపోతకు కాదమ్మా, చప్పుడుకి. ఎవరూ చెప్పకుండానే ఆయన తన మందు తాను కనుక్కున్నారు. మీరు దాన్ని ఆపేస్తున్నారు.

ఇదంతా ఆయన ఊహేమో అని ఎవరైనా అంటే నమ్మకండి. వినికిడి పరీక్షకు నా దగ్గరికి వచ్చిన ఒక రైస్ మిల్లు ఆపరేటర్ విషయం చెబుతాను. అద్దాల గదిలో హెడ్‌ఫోన్ పెట్టి ఒక్కో శబ్దమే వినిపిస్తూ, మీ చెవిలో కూత దీనిలా ఉందా, దానిలా ఉందా అని అడుగుతూ పోతాం. 6,000 హెర్ట్జ్ అనే సన్నటి శ్రుతి దగ్గరికి రాగానే ఆయన చెయ్యి ఎత్తాడు, "ఇదే మేడం, అచ్చం ఇదే" అని. ఆయన భార్య బయట కుర్చీలో కూర్చుని, "మనిషి బాగానే ఉన్నడు మేడం, అంతా మనసులదే" అంటూ ఉంది. హెడ్‌ఫోన్ తీసి ఆమెకు పెట్టాను, సౌండ్ మార్చలేదు. ఒక నిమిషం కూడా కాలేదు, మొహం చిట్లించి లాగేసింది. ఆయన నవ్వి, "నువ్వు తీసేసినవ్, నాకు తీసే వీల్లేదు" అన్నాడు. ఆమె తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

ఇందులో ఒక మెలిక ఉంది. ఆమెకు ఈలలా గుచ్చుకున్న ఆ శబ్దం, ఆయన చెవికి వినీ వినబడని దాని కంటే ఓ పిసరు ఎక్కువ, అంతే. ఎందుకంటే ఆ శ్రుతి దగ్గర ఆయనకు వినికిడి బాగా పోయింది. అంటే మోత ఒక్కటే కాదు, దాని వెనక చెవుడు కూడా ఉంది. మీ ఆయన విషయంలోనూ నా అనుమానం అదే. పరీక్ష చేయకుండా ఖాయంగా అనలేను గానీ, మీ ఉత్తరంలో ప్రతి వాక్యమూ అటే చూపిస్తోంది.

లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న చిన్న భాగం ఉంటుంది. అందులో సన్నటి వెంట్రుకల్లాంటివి మొలిచిన కణాలు, ఒక్కో చెవికి సుమారు 15,000. బయటి శబ్దాన్ని మెదడుకు చేరవేసేది అవే. ఏళ్ల తరబడి పెద్ద శబ్దం మీద పడుతూ ఉంటే అవి ఒక్కొక్కటే చచ్చిపోతాయి. మీ ఆయనకు ఇలా చెబితే తేలిగ్గా అర్థమవుతుంది: పడుగులో పోగు తెగితే సాంచా ఆపి ముడి వేసుకోవచ్చు. ఈ పోగులకు ముడి లేదు, తెగితే తెగినట్టే. అటువైపు నుంచి కబురు రావడం తగ్గేసరికి, మెదడు ఏమైనా వినబడుతుందేమోనని తన వాల్యూమ్ పెంచుకుంటుంది. స్టేషన్ అందనప్పుడు రేడియో సౌండ్ పెంచితే గర్ మంటుందే, ఆ గర్ చెవిలో మోత. డాక్టర్లు టినిటస్ అంటారు.

కాబట్టి మోత వల్ల చెవుడు రాదు. చెవి దెబ్బతినడం వల్లే ఎక్కువ మందిలో మోత వస్తుంది. మీరు భయపడే రకం నరాల జబ్బూ కాదు, పిచ్చీ కాదు, గాలి సోకడమూ కాదు. ప్రపంచంలో పెద్దవాళ్లలో దాదాపు ఏడుగురిలో ఒకరికి ఎంతో కొంత ఉంటుంది. బతుకు నడవనివ్వనంతగా బాధించేది మాత్రం నూటికి ఇద్దరు ముగ్గురిని.

శబ్దం వల్ల వచ్చే చెవుడు మొదట సన్నటి శబ్దాలనే తినేస్తుంది. మాటల్లో స, ష, చ, త లాంటి అక్షరాలు అక్కడే ఉంటాయి. మీరు వంటింట్లోంచి "సీసా తెండి" అంటారు, ఆయనకు 'ఈ' వినబడుతుంది, 'ఆ' వినబడుతుంది, మధ్యలోది ఊహించుకుని పీట తెస్తారు. మీరు నవ్వుతారు, లేదా విసుక్కుంటారు. రోజుకు ఇరవైసార్లు ఇదే. ప్రతి మాటకీ చెవులు రిక్కించి, పెదాలు చూసి, మిగతాది ఊహించుకుని జవాబు చెప్పే మనిషి సాయంత్రానికి ఎంత అలసిపోతాడో చూడండి. దాని మీద నిద్ర లేదు. అప్పుడు బాబు గొణుగుతూ ఏదో అంటాడు. పిల్లల గొంతులు, ఆడవాళ్ల గొంతులు సన్నగా ఉంటాయి గనక అవే ముందు జారిపోతాయి. బాబు ఎదురు మాట్లాడాడనుకుని ఆయన అరుస్తారు, వాడు నేనేమీ అనలేదని ఏడుస్తాడు. పెళ్లిళ్లకు రాకపోవడమూ అందుకే. బ్యాండు మోతలో పక్క వాడి మాట ఒక్కటీ అందదు, ఏదడిగినా తల ఊపి నవ్వుతూ కూర్చోవాలి. ఎవరు వెళ్తారు?

రేపు షిఫ్టు చూసుకుని ఆయన్ని ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ముందు చెవిలో గుబిలి గట్టిపడి ఉందేమో చూస్తారు. ఒక్కోసారి అది తీయగానే సగం బాధ పోతుంది. తర్వాత 'ఆడియోగ్రామ్' (ఏ శబ్దం ఎంత వినబడుతోందో కొలిచే పరీక్ష) తప్పకుండా చేయించమని అడగండి. అది లేకుండా మాత్రలు రాసిచ్చేస్తే మళ్లీ అడగండి, మొహమాటం వద్దు. బీపీ, షుగరు, థైరాయిడ్, రక్తం శాతం కూడా ఓసారి చూపిస్తే మంచిది. గతంలో టీబీకి గానీ మరో దానికి గానీ సూదులు పొడిపించుకుని ఉంటే చెప్పండి, స్ట్రెప్టోమైసిన్, అమికాసిన్ లాంటివి చెవిని దెబ్బతీస్తాయి. సిరిసిల్లలో కుదరకపోతే హైదరాబాద్ కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ వాళ్ల ప్రాంతీయ కేంద్రంలోనూ వినికిడి పరీక్షలు చేస్తారు.

కొన్ని మాత్రం ఆగే విషయాలు కావు. ఉన్నట్టుండి ఒక చెవి వినబడటం మానేస్తే ఆ రోజే వెళ్లాలి. మొదటి కొద్ది రోజుల్లో స్టెరాయిడ్ మందు మొదలుపెడితే వినికిడి తిరిగొచ్చే అవకాశం ఉంటుంది, నెల తర్వాత వెళ్తే ఆ అవకాశం బాగా తగ్గిపోతుంది. మోత ఒక్క చెవిలోనే ఉన్నా, గుండె కొట్టుకున్నట్టు లయగా వస్తున్నా, గిర్రున కళ్లు తిరుగుతున్నా, మూతి వంకర పోయినా, చెవిలోంచి చీము కారినా ఆలస్యం చేయకండి. మీ ఆయనకు రెండు వైపులా, కూతలా, ఏడాదిగా ఉందన్నారు కాబట్టి ఈ జాబితాలో లేనట్టే.

మాత్రల సంగతి. మోతను తగ్గిస్తుందని రుజువైన మాత్ర ఈ రోజుకీ ఏదీ లేదు. తల తిరుగుడుకు ఇచ్చే బీటాహిస్టిన్ మోతకూ రాస్తుంటారు. తల తిరుగుడు లేని వాళ్లలో అది మోతకు పనిచేసినట్టు పరిశోధనల్లో కనబడలేదు. జింకో అనే చెట్టు ఆకుల గోలీలదీ అదే కథ. ఏ మాత్రలు వాడుతున్నారో డాక్టరుకు చూపించి, ఇంకా అవసరమా అని అడగండి. బీపీకో షుగరుకో వాడేవి మాత్రం మీ అంతట మీరు ఆపకండి. వెల్లుల్లి నూనె గురించి అత్తమ్మకు నెమ్మదిగా చెప్పండి. కర్ణభేరికి చిల్లు ఉంటే ఆ నూనె లోపలికి దిగి చీము పట్టిస్తుంది. అగ్గిపుల్లలు, పిన్నీసులు, బడ్స్ ఏవీ వద్దు. చాయ్ మానేయమని ఎవరైనా అంటే పట్టించుకోనక్కర్లేదు, పాపం ఆయనకు మిగిలిన సుఖం అదొక్కటేనేమో. నిద్ర కోసమని కల్లు, మందు మొదలుపెడితే మాత్రం ఆపించండి. అది కునుకు పట్టించి అర్ధరాత్రి లేపేస్తుంది, అప్పుడు మోత ఇంకా గట్టిగా వినబడుతుంది.

వినికిడి తగ్గినట్టు తేలితే మిషన్ పెట్టుకోమంటారు. ఆయన వద్దంటారు, దాదాపు అందరూ ముందు వద్దనే అంటారు. ముసలోడిలా కనబడతానని, సాంచాల దగ్గర జోకులేస్తారని. కానీ మిషన్ చేసేది మాట వినిపించడం ఒక్కటే కాదు. పోయిన చిన్న చిన్న చప్పుళ్లు, గిన్నెల చప్పుడు, పిచ్చుకల కూత, బీడీ ఆకు గరగర, ఇవన్నీ వెనక్కొస్తాయి. మెదడుకు వినడానికి ఏదో ఒకటి దొరికి తన వాల్యూమ్ తగ్గించుకుంటుంది. చాలామందికి మిషన్ పెట్టుకున్నంతసేపు మోత పలచబడుతుంది. ఆన్‌లైన్‌లో దొరికే చౌక రకాలు కొనకండి, అవి అన్ని శబ్దాలనూ ఒకేలా పెంచి ఉన్న చెవిని కూడా పాడు చేస్తాయి. సదరం క్యాంపులో (ప్రభుత్వం వైకల్యాన్ని పరీక్షించే చోట) వైకల్యం 40 శాతం, ఆ పైన అని సర్టిఫికెట్ వస్తే, ఆదాయాన్ని బట్టి కేంద్ర ప్రభుత్వ పథకం కింద ఉచితంగా ఇస్తారు.

షెడ్డులో ఏం చేయాలి అన్నది అసలు పెద్ద ప్రశ్న, మీరు అడగలేదు గానీ. శబ్దం ఎంత గట్టిదో డెసిబెల్స్‌లో కొలుస్తారు. 85 డెసిబెల్స్ శబ్దంలో ఎనిమిది గంటలు ఉండొచ్చని నిపుణుల లెక్క. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగమవుతుంది. 88 అయితే నాలుగు గంటలు, 91 అయితే రెండు, 94 అయితే ఒకటి. వరసగా సాంచాలు నడిచే షెడ్డులో 90 దాటడం మామూలే, ఆయన అందులో పన్నెండు గంటలు నిలబడుతున్నారు. "అలవాటైపోయింది మేడం" అని మగ్గాల మనుషులు నాతో అంటుంటారు. మెదడుకు అలవాటైంది, చెవికి ఎప్పటికీ అలవాటు కాదు. ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ మెడికల్ షాపులో కొద్ది రూపాయలకే దొరుకుతాయి. దూది పెట్టుకుంటే సరిపోదు. ప్లగ్స్ పెట్టుకుంటే పోగు తెగిన చప్పుడు, నాడె (షటిల్) తేడా తెలియదని ఆయన అంటారు. మొదటి వారం అలాగే ఉంటుంది, తర్వాత చెవి కొత్త తీరుకు అలవాటు పడుతుంది. అయితే ఆ ప్లగ్స్ షెడ్డు దాటాక తీసేయాలి. ఇంట్లో కూడా పెట్టుకు కూర్చుంటే మళ్లీ ఆ నిశ్శబ్దమే, మోత రెట్టింపు.

చట్టం మాట ఒక్కటి. శబ్దం వల్ల వచ్చే చెవుడును కార్మిక చట్టం వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చింది. చిన్న షెడ్లకు, ఆసాముల (సాంచాలు నడిపే చిన్న యజమానుల) కింద పనిచేసే వాళ్లకు అది అందడం కష్టమే, నాకు తెలుసు. అయినా ఆడియోగ్రామ్ కాగితం భద్రంగా పెట్టుకోండి, కార్మిక సంఘంలో ఒకసారి చూపించండి.

తగ్గుతుందా అని అడిగారు. శబ్దం పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేను. బాధ తగ్గుతుంది, అది మాత్రం నేను చాలామందిలో చూశాను. ఆయన్నే ఒక విషయం గుర్తు చేసుకోమనండి. ఇరవై రెండేళ్లప్పుడు మొదటిసారి షెడ్డులో అడుగుపెట్టిన రోజు ఎలా ఉంది? తల పగిలిపోయి ఉంటుంది. మరి కొన్నాళ్లకు సాంచాల పక్కనే బస్తా మీద ఒరిగి కునుకు తీయలేదా? శబ్దం తగ్గిందా? లేదు. దీనివల్ల ప్రమాదమేమీ లేదని మెదడు తేల్చుకుని వినడం మానేసింది. చెవిలో కూత విషయంలో ఆ తేల్చుకోవడం ఇంకా జరగలేదు. రాత్రి ఇంటి వెనక చప్పుడైతే మెలకువ వచ్చినట్టు, మెదడు దాన్ని దొంగలా చూస్తోంది. "ఇది ఎందుకు వస్తోంది, పెరుగుతోందా, రేపు ఏమవుతుంది" అని గంటగంటకూ తరచి చూస్తే దొంగ అనే నమ్మకమే బలపడుతుంది. ఇలా చూడటాన్ని మాన్పించే కౌన్సెలింగ్ ఉంది, సీబీటీ అంటారు. మోత బాధకు ఇప్పటి వరకు అన్నిటికంటే గట్టి ఆధారం ఉన్నది దానికే. నెలలు పడుతుంది. మధ్యలో నిద్ర చెడిన రోజుల్లో, టెన్షన్ ఉన్న రోజుల్లో మళ్లీ పెరిగినట్టు అనిపిస్తుంది, కంగారు పడకండి.

అందుకే మీరు ఎలా ఉందని అడగడం మానేయండి. అడిగిన ప్రతిసారీ ఆయన పని ఆపి, లోపలికి చెవి పెట్టి, మోతను వెతికి పట్టుకుని మీకు జవాబు చెబుతున్నారు. టీవీ పెట్టండి. మిక్సీ వేసుకోండి. బాబును గట్టిగా చదువుకోనివ్వండి. ఇల్లు మామూలు ఇల్లులా మోగనివ్వండి.

ఫ్యాన్ విషయంలో ఇద్దరికీ సరిపోయే దారి ఉంది. సీలింగ్ ఫ్యాన్ ఆపేసి, ఒక టేబుల్ ఫ్యాన్‌ను ఆయన తల దగ్గర గోడ వైపు తిప్పి పెట్టండి. గాలి గోడకు, చప్పుడు ఆయనకు. లేదంటే ఫోన్లో వాన చప్పుడు పెట్టి దిండు పక్కన ఉంచండి. మోతను పూర్తిగా ముంచేసేంత గట్టిగా వద్దు, దాని కంటే ఓ మెట్టు తక్కువ, మోత వాన వెనక సన్నగా వినబడుతూ ఉండాలి. అప్పుడే మెదడుకు దాన్ని పట్టించుకోకుండా ఉండటం అలవాటవుతుంది. రాత్రి షిఫ్టు వారంలో పగలు పడుకున్నప్పుడు కూడా ఇదే చేయండి, ఎన్ని గంటలకు పడుకున్నా లేచే సమయం మాత్రం ఆ వారమంతా ఒకటే ఉండాలి.

ఈ సంగతులన్నీ ఆయనకు ఇవాళే చెప్పండి. వంటింట్లోంచి మాత్రం కాదు. ఎదురుగా వచ్చి కూర్చుని, లైటు మీ మొహం మీద పడేలా చూసుకుని, అరవకుండా, కాస్త నిదానంగా చెప్పండి.